ముందు పెద్దమ్మ శ్రుతి పట్టండి, తర్వాత కీబోర్డు: జానపద స్టూడియోల వారికి బహిరంగ లేఖ

కరీంనగర్, వరంగల్, సిద్దిపేట, హైదరాబాద్‌లలో జానపద పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్న అన్నలకు, తమ్ముళ్లకు, మిక్సింగ్ దగ్గర కూర్చునే ఇంజనీర్లకు,

నమస్తే.

వినాయక చవితి దగ్గరపడుతోందంటే మీ స్టూడియోల్లో బతుకమ్మ పాటల పని ఎప్పుడో మొదలై ఉంటుంది. ట్రాకులు తయారవుతుంటాయి, లంగాఓణీలకు కొలతలు ఇస్తుంటారు, డ్రోన్ షాట్ కోసం మంచి చెరువు కట్ట వెతుకుతుంటారు. ఆ హడావుడిలోనే ఈ ఉత్తరం కూడా ఒకసారి చదవండి. నేను ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పే టీచరమ్మను. నాట్లేసేటప్పుడు పాడేవి, పెళ్లిలో పాడేవి, పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు పాడేవి, దొరికిన పాటనల్లా ఫోన్‌లో రికార్డు చేసుకోవడం నాకున్న పిచ్చి. మీ చానళ్లు వదలకుండా చూస్తాను. అభిమానం ఉన్నచోటే అలకా ఉంటుంది కదా, ఆ చనువుతోనే రాస్తున్నాను.

ముందు మీకు దక్కాల్సిన మాట చెప్పాలి. సినిమావాళ్లు పట్టించుకోని గొంతులను మీరు పట్టించుకున్నారు. చిన్న గది, నాలుగు గోడలకు అంటించిన స్పాంజి, ఒక కంప్యూటర్, ఒక కండెన్సర్ మైకు. అంతే పెట్టుబడితో పాటలను దుబాయిలో కూలి పని చేసుకునే తమ్ముడి దాకా చేర్చారు. పాడిన పిల్లలకు పేరొచ్చింది, ఊరూరా ప్రోగ్రాములు వచ్చాయి. ఈ పని ఇరవై ఏళ్ల కింద ఏ క్యాసెట్ కంపెనీ చేయగలిగేది కాదు. కాబట్టి కంప్యూటర్‌ను తీసి అవతల పారేయమని నేను చెప్పడం లేదు.

నాకున్న బాధ ఆ తర్వాతి మెట్టు గురించి. గాయని పాడి వెళ్లిపోయాక ఆమె గొంతును మీరు తెర మీద గీతలుగా చూస్తారు. గీత అటూ ఇటూ ఊగితే సరిచేస్తారు, పక్కకు జరిగితే లాగుతారు. పాట బయటికి వచ్చేసరికి పాలకుర్తిలో పాడిన అక్కది, జగిత్యాలలో పాడిన చెల్లెది ఒకే గొంతు అయిపోతోంది. ఎవరు పాడారో డిస్క్రిప్షన్ చూస్తే గానీ తెలియడం లేదు. మీరు తప్పులనుకుని తీసేస్తున్న వాటిలో చాలా మట్టుకు తప్పులు కావు. కొన్ని నిజంగా తప్పులే అయినా, అవి పాడినామెవి కావు, మీ గది చేయించినవి.

మా వాడకట్టులో ఒక పెద్దమ్మ ఉంది. పేరు రాయను, ఆమెకు ఇష్టం ఉండదు. బతుకమ్మ దగ్గర ఆమె అందుకుంటేనే పాట నిలబడుతుంది. ఆమె పాడిన వీడియో ఎవరో వాట్సాప్‌లో తిప్పితే చూసి, ఒక స్టూడియో వాళ్లు పిలిపించారు. తోడుగా నేనూ వెళ్లాను. మర్యాదలో ఏ లోటూ లేదు, చాయ్ ఇచ్చారు, కుర్చీ వేశారు. పాటకు వెనకాల మోగే సంగీతం ట్రాకు మాత్రం ముందే చేసి పెట్టుకున్నారు. పెద్దమ్మ రెండు చెవులకూ హెడ్‌ఫోన్ బిగించి, గాజు కిటికీ అవతల నిలబెట్టి, "పాడు పెద్దమ్మా, ఏం భయపడకు, తప్పు పోయినా మేం సరిచేసుకుంటం" అన్నారు.

అరవై ఏళ్లుగా ఆరుబయట పాడిన మనిషి ఆమె. తన గొంతు తన చెవికి గాలిలోంచి, ఎదుటి గోడల మీది నుంచి, పక్కన వంత పాడేవాళ్ల లోంచి వినిపిస్తుంది. రెండు చెవులూ మూసేస్తే ఎవరికైనా శ్రుతి జారుతుంది. పెద్ద పెద్ద గాయకులు కూడా రికార్డింగులో ఒక చెవి మీది హెడ్‌ఫోన్ కొంచెం పక్కకు జరుపుకునేది అందుకే. పైగా ఆ ట్రాకు కీ, అంటే శ్రుతి, ఆమెకు కాస్త ఎక్కువైంది. కొంచెం తగ్గించండని నేను అడిగితే, తగ్గిస్తే ఫ్లూట్ బిట్టు డల్ అయిపోతుందన్నారు. సరేనని లైను లైనుగా, మధ్యలో ఆపి ఆపి పాడించారు. "శ్రుతి పోతోంది పెద్దమ్మా" అన్నప్పుడల్లా ఆమె ముఖం చిన్నబోయేది.

నెల తర్వాత పాట వచ్చింది. మనవడి ఫోన్‌లో విని ఆమె అన్న మొదటి మాట, "గిది నేనేనా? ఎవరో పోరి పాడినట్టుంది." పొగడ్త అనుకుని మనవడు నవ్వాడు. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు మా ఊళ్లో అదే పాటను డీజే డబ్బాలో పెట్టారు. పాడిన మనిషి ఆ డబ్బా ముందే నిలబడి, తన పాటకు తానే చప్పట్లు కొట్టింది. ఆమెను పాడమని ఎవరూ అడగలేదు, డబ్బాలో ఆమే పాడుతోంది కదా మరి.

ఆ స్టూడియో పిల్లలు చెడ్డవాళ్లు కాదు. గంటకింత అని తీసుకునే స్టూడియోలో టైం వాళ్లకు డబ్బు. చిక్కు వాళ్లు నమ్ముకున్న పనిముట్టులో ఉంది. ఆ పనిముట్టు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకుంటే విషయం తేటపడుతుంది.

మీరు రోజూ వాడే ఆటోట్యూన్ 1997లో మార్కెట్లోకి వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకు ముందు చమురు రంగంలో పనిచేసిన ఇంజనీరు. భూమిలోకి శబ్ద తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని లెక్కకట్టి, అడుగున చమురు ఎక్కడుందో పసిగట్టడం ఆయన విద్య. ఆ లెక్కలనే గొంతు మీద పెట్టి, ఈ క్షణాన పలికిన స్వరం ఏ ఎత్తులో ఉందో కనిపెట్టి, దగ్గరలో ఉన్న 'సరైన' స్వరం మీదికి దాన్ని జరిపే యంత్రం చేశాడు. ఎంత వేగంగా జరపాలో చెప్పడానికి ఒక మీట ఉంటుంది. దాన్ని నెమ్మదిగా పెడితే వినేవాళ్లు పసిగట్టలేరు. సున్నా దగ్గర పెడితే స్వరం నుంచి స్వరానికి గొంతు మెట్లు దూకినట్టు ఉంటుంది. 1998లో షేర్ అనే అమెరికన్ గాయని పాడిన 'బిలీవ్' పాటలో ఆ దూకుడును కావాలనే వాడారు, అది లోకమంతా మోగింది. ఆ పాట చేసినవాళ్లు ఆ గుట్టును మొదట్లో బయటపెట్టలేదు కూడా.

అక్కడ అది తెలిసి చేసిన అలంకారం. మన దగ్గర అది అలవాటు అయిపోయింది. నాట్లేసే పాటకూ అదే, ఒడిబియ్యం పాటకూ అదే, చనిపోయినవాళ్లను తలుచుకుని ఏడ్చే పాటకూ అదే.

అసలు కిటుకు ఆ 'సరైన' అన్న మాటలో ఉంది. ఎవరు నిర్ణయించిన సరి అది? సాఫ్ట్‌వేర్‌లో మీరు మామూలుగా ఎంచుకునే స్వరాలు పియానో మెట్లు. కింది షడ్జం (స) నుంచి పై షడ్జం దాకా ఉన్న దూరాన్ని 1200 సెంట్లు అనుకుంటే, 100 సెంట్లకు ఒక మెట్టు చొప్పున సమానంగా కోసిన 12 ముక్కలు. తంబురా చక్కగా శ్రుతి చేసి వింటే అందులోంచి తనంతట తాను పలికే అంతర గాంధారం (రెండు గాంధారాల్లో పైది) దాదాపు 386 సెంట్ల దగ్గర ఉంటుంది. కీబోర్డు గాంధారం 400 దగ్గర. అంటే తంబురాకు అతికినట్టు పాడిన అమ్మాయిని మీ తెర 14 సెంట్లు తక్కువ పాడావంటుంది. మన పల్లె పాటల్లో ఇంకో తమాషా ఉంది. నా ఫోన్‌లో ఉన్న పాటలు ఎన్నిసార్లు విన్నా, చాలామంది గాంధారం అటు సాధారణమూ (కింది గాంధారం) కాదు, ఇటు అంతరమూ కాదు, రెంటికీ నడుమ ఎక్కడో పలుకుతుంది. అదీ ఒకచోట నిలవదు, పైకి పోయేటప్పుడు ఒక తీరు, కిందికి దిగేటప్పుడు ఒక తీరు. అందులోనే ఆ పాటకు దిగులు వస్తుంది. మీరు పెట్టుకున్న ఆ పియానో మెట్ల లెక్కలో సాఫ్ట్‌వేర్‌కు ఆ నడుమ చోటు తెలియదు. పాశ్చాత్య సంగీతపు లెక్కలో మేజరా (పై గాంధారం), మైనరా (కింది గాంధారం) అని అడుగుతుంది. మీరు ఏదో ఒకటి నొక్కుతారు. దిగులు పోయి పాట ఉత్త హుషారుగానో, ఉత్త ఏడుపుగానో తేలుతుంది.

ఈ గొడవ మనతో మొదలైంది కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను తన స్టూడియోల్లోంచి బయటపెట్టింది. దాని స్వరాలు కదలవు, గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) పలకదు, మన సంగీతానికి పనికిరాదన్నారు. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. అది అతి అని నాకనిపిస్తుంది. ఎందుకంటే అదే కాలంలో మన పద్య నాటకాలన్నీ హార్మోనియం మీదే నడిచాయి. అక్కడ హార్మోనిస్టు ఏం చేసేవాడు? ముందు నటుడి శ్రుతి ఏదో కనుక్కునేవాడు. అతను రాగం ఎత్తుకుంటే వెనకాలే వెళ్లేవాడు, పెట్టె పలకలేని చోట వేళ్లు ఎత్తేసి గొంతుకు దారి వదిలేవాడు. పెట్టెది అదే లోపం, వాయించేవాడి తెలివితో సర్దుకుంది. ఆటోట్యూన్‌కు వేళ్లు ఎత్తడం తెలియదు. ఆ పని మీరు చేయాలి.

ఎలా అంటారా, మీకు తెలియని విద్య కాదు. పెద్దమ్మ శ్రుతి కీబోర్డులో రెండు మెట్ల నడుమ ఎక్కడో ఉంది. పల్లెల్లో పాడే చాలామందిది అంతే. కీబోర్డులకు కొలతగా పెట్టుకున్న 440 హెర్ట్జ్ చూసుకుని ఎవరూ పాట ఎత్తుకోరు. ముందు ఆమెను ఊరికే పాడించండి, చాయ్ తాగుతున్నప్పుడు పాడినట్టు. ఆమె షడ్జం ఎక్కడుందో చూడండి. తర్వాత కీబోర్డును అక్కడికి తిప్పండి. చాలా కీబోర్డుల్లో ట్యూనింగ్ మార్చే సెట్టింగ్ ఉంటుంది, సెంట్ల లెక్కన జరపవచ్చు. ఫ్లూట్ బిట్టు డల్ అయితే అవనీయండి, పాట ఫ్లూట్‌ది కాదు కదా.

ఇక చప్పట్ల సంగతి. నన్ను అన్నిటికన్నా ఎక్కువ చిరాకు పెట్టేది ఇదే, కొంచెం ఎక్కువ రాస్తే ఏమనుకోకండి.

బతుకమ్మ పాటకు మేళం ఏముంది? చప్పట్లే. నలభై మంది ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ, ఒంగి ఒకసారి, లేచి ఒకసారి కొట్టే చప్పట్లు. ఆ శబ్దానికి ఒక వెడల్పు ఉంటుంది, వాన జల్లు రేకుల మీద పడ్డట్టు. ఆ వెడల్పు ఎక్కడిది? నలభై మందీ ఒకే క్షణాన కొట్టకపోవడం వల్ల వచ్చింది. కొట్టాలన్నా కొట్టలేరు. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున నడుస్తుంది. 10 మీటర్ల అడ్డం ఉన్న వలయంలో ఎదురుగా ఉన్నామె చప్పుడు నా చెవికి చేరేసరికి సెకనులో మూడు శాతం అటూ ఇటుగా గడిచిపోతుంది. ఇద్దరం తూచినట్టు ఒకేసారి కొట్టినా నాకు ఆమెది ఆలస్యమే, ఆమెకు నాది ఆలస్యమే. దానికి తోడు ఒకామె చేతికి గాజులు నిండుగా ఉంటాయి, ఒకామె చంకలో పిల్ల ఉంటుంది, ఇంకొకామె మాటల్లో పడి సగం చప్పట్లు ఎగ్గొడుతుంది.

మీ పాటల్లో ఏముంటుంది? ఒక్క చప్పట్ల శాంపిల్, అంటే ముందే రికార్డు చేసి పెట్టుకున్న చిన్న ముక్క. దాన్నే గీత మీద పేర్చి పాట చివరి దాకా తిప్పుతారు. ఇందులో వింత ఏమిటంటే, యంత్రాలు తయారుచేసిన వాళ్లకే ఈ సంగతి మీకన్నా బాగా తెలుసు. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ యంత్రంలో చప్పట్ల మీట ఒకటుంది. అది నొక్కితే పలికేది ఒక్క చప్పుడు కాదు. సెకనులో వందో వంతు తేడాతో వెంట వెంటనే కొన్ని చప్పుళ్లు, చివర కాస్త తోక. ఒక్కటే అయితే చప్పట్లలా వినిపించదని ఆ సర్క్యూట్ గీసినవాళ్లు గ్రహించి, నలుగురి మధ్య ఉండే తేడాను వైర్లలో ఇరికించారు. నలభై మంది నిజం మనుషులు మీ ఊళ్లోనే ఉండగా, జపాన్‌లో చేసిన ఆ నలుగురితో మీకేం పని?

తాళం విషయంలో మీరు చెవిలో టిక్కు టిక్కుమని సమంగా కొట్టే క్లిక్ ట్రాకు పెట్టి పాడిస్తారు. నిమిషానికి ఇన్ని దెబ్బలని ఒక్కసారి ఖాయం చేస్తే మొదటి నుంచి చివరి దాకా మారదు. ఎందుకు పెడతారో నాకు తెలుసు. డీజే వాళ్లు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారిపోవాలి, డ్యాన్స్ ఎడిటింగ్ కలవాలి, ప్రోగ్రామింగ్ అతకాలి. బారాత్ పాటకు పెట్టుకోండి, అది దానికోసమే పుట్టిన పాట, నేనూ దానికి ఎగిరినదాన్నే. బతుకమ్మ పాట అలా నడవదు. మెల్లగా మొదలవుతుంది, చెరువు దగ్గరికి చేరేకొద్దీ కాళ్లు వేగం అందుకుంటాయి, చీకటి పడుతుంటే ఇంకా వేగం. పాడుతున్నామె అలసిపోతే తగ్గుతుంది, వేరొకామె అందుకోగానే మళ్లీ లేస్తుంది. శ్రుతి కూడా అంతే, ఎత్తుకున్నచోట ఉండదు, నలభై గొంతులూ కలిసి తెలియకుండానే జరిగిపోతాయి. ఎవరూ తప్పడం లేదు, అందరూ ఒకరినొకరు వింటున్నారు.

ఇందులో చాదస్తమేమీ లేదు. 2011లో జర్మనీలోని గోటింగెన్‌లో హోల్గర్ హెన్నిగ్ అనే శాస్త్రవేత్త బృందం, ఘానా నుంచి వచ్చిన ఒక డ్రమ్మర్ చేత మెట్రోనోమ్‌కు (సమంగా టిక్కుమనే తాళం యంత్రానికి) తాళం వేయించి, అతను ఎక్కడెక్కడ ఎంత తప్పాడో కొలిచింది. చేయి తిరిగిన వాద్యకారుడైనా 10 నుంచి 20 మిల్లీసెకన్లు అటూ ఇటూ అవుతూనే ఉన్నాడు. అయితే ఆ తప్పులు చెల్లాచెదురుగా లేవు. ఇప్పుడు కొంచెం వెనకబడితే ఆ వెనకబాటు నీడ చాలా దెబ్బల తర్వాత కూడా కనిపిస్తోంది. మనిషి తాళానికి జ్ఞాపకం ఉందన్నమాట. తర్వాత ఒక పాటను రెండు రకాలుగా చేసి వినిపించారు. ఒకదాంట్లో తేడాలు మనిషి వేసిన తీరులో, ఇంకొకదాంట్లో గాలివాటంగా. వినేవాళ్లు మనిషి తీరునే ఎక్కువ ఇష్టపడ్డారు. మీ సాఫ్ట్‌వేర్‌లో 'హ్యూమనైజ్' అని ఒక బటన్ ఉంటుంది కదా, అది మామూలుగా చేసేది రెండోది, గాలివాటపు తేడా. ముందు మనిషిని తీసేసి, తర్వాత మనిషిలా చేయమని బటన్ నొక్కడం! దాన్ని చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

డప్పు గురించి రెండు ముక్కలు. డప్పును వాయించే ముందు మంట దగ్గర కాచుకుంటారు. చలి రాత్రి అయితే మధ్యలో మళ్లీ కాచుకోవాలి. తోలు బిగువు పెరిగి, తగ్గి, ఒక రాత్రిలోనే దాని గొంతు నాలుగు రకాలుగా మారుతుంది. ఒక చేతిలో చిర్ర, ఒక చేతిలో సిటికెన పుల్ల. ఏ రెండు దెబ్బలూ ఒకేలా పడవు, తోలు మీద ఒకేచోట పడవు. శాంపిల్ డప్పులో ఒకే దెబ్బ వెయ్యిసార్లు. మంచి శాంపిల్ లైబ్రరీలు అమ్మేవాళ్లు ఒక్కో దెబ్బకు పలు రికార్డింగులు పెట్టి వంతులవారీగా మోగిస్తారు, లేకపోతే మర తుపాకీ పేల్చినట్టు ఉంటుందని. అంత డబ్బు పెట్టి లైబ్రరీ కొనే బదులు (మీరంతా కొనే వాడుతున్నారనే అనుకుంటాను!) పక్క ఊరి డప్పు దళాన్ని పిలవండి. ఆ పూట వాళ్లకు కూలి పడుతుంది, మీకు ఎక్కడా దొరకని దరువు దొరుకుతుంది.

నున్నగా లేకపోతే జనం వినరని మీరు అంటారు. ఇది మీ నుంచే చాలాసార్లు విన్నాను. 2023లో 'బలగం' సినిమా చివర్లో కొమురమ్మ, మొగిలయ్య దంపతులు తెర మీదికి వచ్చి కథ పాడారు. బొంగురు, ఊపిరి, ఏడుపు జీర, అన్నీ గొంతులో ఉన్నాయి. ఊళ్లకు ఊళ్లు తెర కట్టుకుని ఆ సినిమా చూశాయి, అన్నదమ్ములు పట్టుకుని ఏడ్చారు. ఇంకో మొగిలయ్య, పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్య. 2021లో ఒక పెద్ద హీరో సినిమా టైటిల్ పాట ఆయన గొంతుతోనే మొదలైంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ కిన్నెర చేత్తో చేసుకున్న వాద్యం, దాని మెట్లు పియానోను చూసి అమర్చినవి కావు. పెద్ద బడ్జెట్ సినిమావాళ్లు గరుకు గొంతును వెతుక్కుంటూ పల్లెకు వస్తుంటే, పల్లెలో ఉన్న మీరు ఆ గరుకునే గీకేస్తున్నారు. వ్యాపారంగా చూసినా ఇది తిక్క లెక్కే.

నా బడిలో పిల్లల సంగతి చెప్పకపోతే ఉత్తరం సగమే అవుతుంది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు బతుకమ్మ పాట నేర్చుకునేది ఇప్పుడు అమ్మ దగ్గర కాదు, మీ దగ్గర. మీ పాటను ఎంత శ్రద్ధగా అనుకరిస్తారంటే, ఆటోట్యూన్ వేసిన మెట్టు దూకుడును కూడా గొంతుతో పలుకుతారు. జారుడు రావలసిన చోట దూకుతారు. కొందరైతే అసలు పాడరు. "నా వాయిస్ మంచిగ లేదు టీచర్" అంటారు. కరోకే యాప్‌లో పాడితే మంచిగా వస్తుందట, ఉత్తగా పాడితే రాదట. పన్నెండు, పదమూడేళ్ల పిల్లకు తన గొంతు తనకు సరిపోకుండా పోవడం చిన్న విషయమని నేను అనుకోను. వాళ్లకు పోలికగా నిలుస్తున్నది ఏ మనిషీ పాడని పాట అని వాళ్లకు ఎవరు చెప్పాలి? నేను చెబుతూనే ఉన్నాను. మీరు చెబితే ఎక్కువ నమ్ముతారు.

కృత్రిమ మేధ గురించి ఈ ఉత్తరంలో ఎక్కువ రాయను. అయినా ఒక్క సంగతి ఉంది. 2024లో ఏఆర్ రెహమాన్ ఒక తమిళ పాటలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను ఏఐతో పలికించినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బు చెల్లించామని చెప్పారు. అదే ఏడాది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును అడగకుండా వాడారంటూ ఆయన కుటుంబం ఒక తెలుగు సినిమావాళ్లకు లాయర్ నోటీసు పంపింది. బాలు గారి ఇంట్లో అడిగేవాళ్లున్నారు. పెద్దమ్మ గొంతు మీ హార్డ్ డిస్కులో ఉంది, రేపు దాన్ని ఎవరు ఏం చేసినా ఆమెకు తెలియను కూడా తెలియదు. ఆమెతో ఒక కాగితం రాసుకోండి. ఆమెకు చదివి వినిపించి, ఈ పాటకు తప్ప ఇంక దేనికీ ఈ గొంతు వాడబోమని రాయండి. దానికి లాయర్ అక్కర్లేదు, ఒక చదువుకున్న మనవరాలు చాలు.

నేను అడుగుతున్నవి చాలావరకు పైనే చెప్పేశాను. మిగిలింది ఒకటుంది. సరిచేయక ముందు రికార్డింగ్ ఏదైతే ఉందో, దాన్ని చెరిపేయకండి. పాట మీరు ఎలాగైనా విడుదల చేసుకోండి, ఆ పచ్చి రికార్డింగ్ ఒక కాపీ పాడినామెకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేయండి. రేపు ఎవరైనా ఈ పాట అసలు ఎలా పాడేవారని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. మా తరంలో ఇలా పాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా మిగిలారు. వాళ్లు పోయాక మీ తెర మీది గీతలతో ఆ గాంధారాన్ని తిరిగి పుట్టించలేరు.

వీలైతే ఈ ఏడు ఒక్క పాట ఇలా చేసి చూడండి. క్లిక్ వద్దు, హెడ్‌ఫోన్ వద్దు. చెరువు కట్ట మీదనో, గుడి ముందరి ఖాళీ జాగాలోనో వలయం మధ్య రెండు మైకులు నిలబెట్టండి. పెద్దమ్మను అందుకోమనండి, మిగతావాళ్లు వంత పాడతారు, చప్పట్లు వాటంతట అవే పడతాయి. ఎడిటింగ్‌లో మీకు నచ్చిన మూడు నిమిషాలు కోసుకోండి. అదే పాటను మీ మామూలు పద్ధతిలోనూ చేసి, రెండూ పక్కపక్కనే పెట్టండి. దేనికి ఎన్ని వ్యూస్ వస్తాయో నేను పందెం కాయను. కామెంట్లలో ఎవరు ఏ పాట కింద తమ అమ్మను, అమ్మమ్మను తలుచుకున్నారో మాత్రం చూడండి.

మా ఊరైతే సిద్ధం. పెద్దమ్మను అడిగాను, చెవులకు ఏమీ పెట్టకపోతే పాడతానంది. ఎంగిలిపూల బతుకమ్మకు ముందు వచ్చే ఏ ఆదివారమైనా రండి, సాయంత్రం పొలం పనులు అయ్యాక అందరూ దొరుకుతారు. అన్నం మా ఇంట్లోనే. పొద్దుపోయిందంటే కుక్కల మొరుగుడు కూడా రికార్డవుతుంది. దాన్ని తీసేయడానికి మీ సాఫ్ట్‌వేర్ ఎంతైనా వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ పాటలు వినే ఒక తెలుగు టీచర్,
సిద్దిపేట జిల్లా